పానాల (స్పానర్ల) పెట్టె కొనిస్తే పిల్లవాడు పాడైపోతాడా?

ప్రశ్న: మా అబ్బాయి మెకానికల్ డిప్లొమా రెండో సంవత్సరం చదువుతున్నాడు. ఇంట్లో కారు పనులు తనే చేస్తానని టూల్స్ కొనమంటున్నాడు. రెండు వందల పైచిలుకు పీసులున్న పెద్ద సెట్ తీసుకోవాలా, విడివిడిగా కొనాలా? లేదంటే ఆ డబ్బుతో ఎలక్ట్రిక్ కార్ల డయాగ్నస్టిక్స్ షార్ట్ కోర్సులో చేర్పించమంటారా? స్కానర్ కూడా వాళ్లే ఇస్తారట. ఈ పిచ్చిలో పడి చివరికి మెకానిక్‌గా మిగిలిపోతాడేమోనని మాకు టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీరు అడగదలచుకున్నది చివరి వాక్యంలోనే ఉంది. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి. కారుకు బదులు ఒకరింట్లో కెమెరా, ఇంకొకరింట్లో డ్రోన్. భయం మాత్రం ఒక్కటే. అందుకే ముందు దాని సంగతి చూసి, తర్వాత పానాల దగ్గరికి వద్దాం. డిప్లొమా తర్వాత ఏ పరీక్షలు, ఏ సీట్లు అన్నది మీరు ఈపాటికే ఆరా తీసుంటారు కాబట్టి వాటి జోలికి పోను.

మెకానికల్ చదివే కుర్రాడు నట్టూ బోల్టూ పట్టుకుంటానంటే అది పిచ్చి కాదండీ. అసలు అడగకపోతే కంగారు పడాలి. టార్క్ (తిప్పే బలం) నిర్వచనం పరీక్షలో తప్పుల్లేకుండా రాసి, చక్రం నట్టు ఎంత బిగించాలో తెలియకుండానే పట్టా పుచ్చుకునేవాళ్లు ఉన్నారు. చాలా కార్లలో ఆ నట్టుకు 100 న్యూటన్ మీటర్లకు (టార్క్ కొలత) అటూ ఇటూ కావాలి. స్పార్క్ ప్లగ్గుకైతే 15 నుంచి 30 చాలు. రెండింటినీ ఒకే బలంతో లాగితే చక్రమైనా వదులుగా ఉండిపోతుంది, లేదా సిలిండర్ హెడ్‌లో మర పోతుంది. ఈ తేడా చేతికి తెలిసినవాడు రేపు డిజైన్‌లోకి వెళ్లినా, ఫ్యాక్టరీలో చేరినా పది ప్రశ్నలు సరిగ్గా అడగగలడు. మెకానిక్కే అయ్యాడనుకోండి, తప్పేముంది? మన కారు రోడ్డు మధ్యలో ఆగిపోయినప్పుడు మంచి మెకానిక్ కోసం ఊరంతా ఫోన్లు చేస్తాం, అదే పని మన పిల్లవాడు నేర్చుకుంటానంటే మొహం మాడ్చుకుంటాం. పిచ్చి అన్న మాట వాడి ముందు ఇంకోసారి అనకండి.

ఇక సెట్ విషయం. పెద్ద పెట్టెలో పీసుల లెక్క పెంచేవి ఎక్కువగా స్క్రూడ్రైవర్ బిట్లు, ఎల్ ఆకారపు కీలు. కారు కింద పనికొచ్చే సైజులు కొన్నే. జపాన్, కొరియా కంపెనీల కార్లలో 10, 12, 14, 17, 19 మిల్లీమీటర్లతో చాలా పనులు అయిపోతాయి. యూరప్ కార్లలో 13, 16, 18 ఎక్కువగా తగులుతాయి, నక్షత్రం తలల టార్క్స్ బోల్టులూ ఉంటాయి. అందుకని కొనేముందు కారు మాన్యువల్ తీసి చూడమనండి. మొదట కావలసింది 3/8 అంగుళాల రాట్చెట్ (ఒకవైపే బిగిస్తూ, వెనక్కి ఖాళీగా తిరిగే పిడి), దానికి తగిలించి నట్టు మీద టోపీలా పెట్టే సాకెట్లు 8 నుంచి 19 మిల్లీమీటర్ల వరకు, లోతుగా ఉన్న నట్టు అందడానికి ఒక ఎక్స్‌టెన్షన్ కడ్డీ, అవే సైజుల్లో ఒకవైపు రింగు, ఇంకోవైపు నోరు ఉండే పానాలు. సాకెట్ లోపల ఆరు పలకలున్నవే తీసుకోండి. పన్నెండు పలకలవి తుప్పు పట్టిన నట్టు మీద జారి దాన్ని గుండ్రంగా చేసేస్తాయి. స్క్రూడ్రైవర్లు, ప్లయర్లు ఇంట్లో ఉన్నవే చాలు. మిగతావి పని వచ్చినప్పుడు ఒక్కొక్కటే కొనుక్కోవచ్చు.

అలా మిగిలిన డబ్బు ఆ పెట్టెల్లో సాధారణంగా ఉండని వాటికి పెట్టండి: ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచ్, వోల్టులు కొలిచే మల్టీమీటర్, టైరు గాలి గేజ్, అన్నిటికంటే ముందు పైకెత్తిన కారు బరువును మోసే ఒక జత జాకీ స్టాండ్లు. కారుతో వచ్చే జాకీ స్టెప్నీ మార్చుకోవడానికి మాత్రమే. దాని మీద నిలబెట్టిన కారు కిందికి ఎవరూ దూరకూడదు, ఒక్క నిమిషమైనా సరే. గట్టి, చదునైన నేల మీద, చక్రాలకు అడ్డు పెట్టి, కారు బరువు స్టాండ్ల మీదికి దిగాకే వాడు కిందికి వెళ్లాలి. కొడుకు భవిష్యత్తు గురించి అంత రాసిన మీరు దీని గురించి ఒక్క ముక్క కూడా అడగలేదు.

కోర్సు మీద నాకు చాలా అనుమానాలున్నాయి. కారు కంప్యూటర్ పట్టుకున్న లోపాల కోడ్‌లను చదివే పరికరమే స్కానర్. దాన్ని తగిలించే 16 పిన్నుల పోర్టు అమెరికాలో 1996 నుంచి, యూరప్‌లో పెట్రోల్ కార్లకు 2001 నుంచి తప్పనిసరి అయింది. అందులోంచి కోడ్ చదవడం వాడు ఒక సాయంత్రంలో నేర్చుకోగలడు. కష్టమంతా ఆ తర్వాతే. పీ0171 అనే కోడ్ వచ్చిందనుకోండి, పెట్రోలుతో పోలిస్తే గాలి ఎక్కువవుతోందని దాని అర్థం. కారణం పగిలిన గొట్టమా, మురికి పట్టిన గాలి సెన్సారా, బలం తగ్గిన పెట్రోల్ పంపా అన్నది కోడ్ చెప్పదు. థర్మామీటర్ జ్వరం ఎంతో చెబుతుంది గానీ ఎందుకొచ్చిందో చెప్పదు కదా. కొన్ని వారాల కోర్సులు చాలావరకు కోడ్ చూసి సెన్సార్ మార్చేయడం దగ్గరే ఆగిపోతాయి. మల్టీమీటర్ పట్టుకుని, ఇంజిన్ ఆపి కాసేపయ్యాక బ్యాటరీలో 12.6 వోల్టులు ఉన్నాయా, ఇంజిన్ నడుస్తుంటే 14 దగ్గరికి వస్తోందా అని చూడటం మొదలుపెడితే, కొలిచి, ఆలోచించి, అప్పుడు మార్చే అలవాటు పడుతుంది. కొత్త స్కానర్లు వస్తూనే ఉంటాయి, ఆ అలవాటు మాత్రం వాటన్నిటితోనూ పనికొస్తుంది.

ఎలక్ట్రిక్ కార్లు వద్దని కాదు. వాటిలో నారింజ రంగు కేబుళ్లలో 400, కొన్నింట్లో 800 వోల్టులు ఉంటాయి. ఇంట్లో ఎవరూ ముట్టుకోవాల్సిన పని కాదది, షార్ట్ కోర్సు సర్టిఫికెట్ చూసి బాధ్యత ఉన్న వర్క్‌షాప్ ఏదీ బ్యాటరీ విప్పనివ్వదు. చేర్పించాలనే ఉంటే ముందు ఒక్క సంగతి కనుక్కోండి: హై వోల్టేజ్ లైన్ ఆపి, అది సున్నాకు వచ్చిందని కొలిచి నిర్ధారించుకునే పని విద్యార్థి చేతులతో చేయిస్తారా? స్లైడుల్లో చూపిస్తామంటే ఆ డబ్బు దాచుకోండి. టైర్లు, బ్రేకులు, సస్పెన్షన్, 12 వోల్టుల చిన్న బ్యాటరీ ఎలక్ట్రిక్ కార్లలోనూ ఉంటాయి. ఇప్పుడు కొన్న సాకెట్లు అప్పుడూ వృథా కావు.

టైరు గాలి, ఎయిర్ ఫిల్టర్, బ్యాటరీ టెర్మినళ్లతో మొదలుపెట్టి, ఆ తర్వాత ఆయిల్ మార్చనివ్వండి. పాత ఆయిల్ కాలవలో పోయకుండా మూతున్న డబ్బాలో పట్టి, సేకరించే వర్క్‌షాప్‌కి ఇవ్వాలి. బ్రేకుల జోలికి మాత్రం మొదటిసారి అనుభవమున్నవాళ్లు పక్కనుంటేనే వెళ్లనివ్వండి. ఆ కారులో కూర్చునేది మీరే కదా.