సావో పాలోలోని లిబెర్దాజి మొదటి నుంచీ జపనీయుల పేటేనా?

కాదు, బ్రెజిల్‌లోని ఈ పేటకు జపనీయులు చేరడం మొదలైంది 1912 ప్రాంతంలోనే. అసలు వాళ్లు వచ్చింది కాఫీ తోటల్లో కూలికి. 1908 జూన్ 18న కసాటో మారు ఓడ 781 మందితో సాంటోస్ రేవు చేరింది. తోటల్లో కూలి గిట్టుబాటు కాక చాలామంది నగరం బాట పట్టారు. కోంజి జి సార్జేదాస్ వీధిలో నేలమాళిగ గదులు చవగ్గా దొరికేసరికి అక్కడే ఉండిపోయారు. పేటలోని జపాన్ వలస చరిత్ర మ్యూజియం చెప్పేది ఈ వలస కథే.

జపాన్ గుడుల ముందుండే తరహా ఎర్రటి తోరీ ద్వారం, లాంతర్ల లాంటి వీధి దీపాలు చూసి అవన్నీ తొలి వలసల నాటివని పొరబడతారు. నిజానికి అవి 1970లలో టూరిస్టుల కోసం పెట్టినవి. జపనీయులకు ముందు అక్కడ ఉరికంబం, బానిసలనూ పేదలనూ పాతిపెట్టిన శ్మశానం ఉండేవి. ఆ శ్మశానం నాటి అఫ్లీటోస్ ప్రార్థనా మందిరం (1779) ఓ ఇరుకు సందు చివర ఇప్పటికీ ఉంది. మ్యూజియంతో పాటు దాన్నీ చూడాల్సిందే.