ఎకరం అమ్మి లండన్‌లో ఎల్ఎల్ఎం చేయించాలా?

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో ఐదేళ్ల లా కోర్సు నాలుగో సంవత్సరం చదువుతోంది. కోర్టుకు వెళ్లి చూసి రమ్మంటే వెళ్లదు. ఎప్పుడు చూసినా ఇంగ్లండ్, అమెరికా, ఆస్ట్రేలియా కోర్టుల తీర్పులు, వాటి మీద లాయర్లు రాసిన విశ్లేషణలే. లండన్‌లో ఎల్ఎల్ఎం (లాలో పీజీ) చేస్తానంటోంది. బంధువులు అమెరికా మేలంటున్నారు. ఏది మంచిది? ఎకరం పొలం బేరం పెట్టాను.
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ఈ ఉత్తరం నాకు కొత్త కాదండీ. ఊరు మారుతుంది, ఎకరం కాస్తా అరెకరం అవుతుంది, అంతే. లండనా, అమెరికానా అని అడిగారు గానీ మీ టెన్షన్ వేరు. ఎక్కడో పరాయి దేశం కేసులు చదువుతూ కూర్చుంటే రేపు ఈ పిల్లకు కేసులు ఎవరిస్తారన్నదే మీ బెంగ.

ముందు దాని సంగతి చూద్దాం. విదేశీ తీర్పులు మన కోర్టులను కట్టడి చేయవు, నిజమే. కానీ వాదనకు బలమిస్తాయి. 1967లో గోలక్‌నాథ్ కేసులో, ప్రాథమిక హక్కులను పార్లమెంటు తగ్గించలేదని తేల్చిన చీఫ్ జస్టిస్ కోకా సుబ్బారావు గారు ఈ తీర్పు ఇకముందుకే వర్తిస్తుంది, పాత రాజ్యాంగ సవరణలను కదపదు అన్నారు. ఆ పద్ధతి అమెరికా కోర్టుల నుంచి తెచ్చుకున్నదే. ఆయన రాజమండ్రి మనిషి, లా చదివింది మద్రాసులో. విదేశీ తీర్పు మనకు వద్దనడానికీ దాన్ని చదవాల్సిందే. ఢిల్లీ ఓలియం గ్యాస్ లీక్ కేసులో మన సుప్రీంకోర్టు, ప్రమాదకర వస్తువు పెట్టుకున్నవాడు నష్టానికి బాధ్యుడే గానీ కొన్ని మినహాయింపులుంటాయన్న 1868 నాటి ఇంగ్లండ్ సూత్రం మనకు సరిపోదని చెప్పి, ప్రమాదకర పరిశ్రమలకు ఏ మినహాయింపూ లేని బాధ్యత పెట్టింది. ఆ పాత తీర్పు తెలియకుండా ఈ మాట అనగలరా?

ఇంకో సంగతి. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లు చాట్‌జీపీటీ కల్పించిన తీర్పులను నిజమనుకుని కోర్టులో వేశారు. 5,000 డాలర్ల జరిమానా పడింది. అసలు తీర్పు తెరిచి చూసే జూనియర్ ఒక్కరున్నా ఆ పరువు దక్కేది. మీ అమ్మాయికి ఆ అలవాటు ఇప్పటికే ఉంది. జడ్జీల దగ్గర లా క్లర్కులు చేసేది కూడా చాలావరకు ఈ పనే.

ఇక ఎల్ఎల్ఎం. దీని మీద నాకు మొదటి నుంచీ అనుమానమే. అది ఏడాది చదువు. చేతికి డిగ్రీ వస్తుంది గానీ లైసెన్సు రాదు. ఇంగ్లండ్‌లో సొలిసిటర్ (అక్కడి లాయర్లలో ఒక రకం) కావాలంటే 2021 నుంచి ఎస్‌క్యూఈ అనే వేరే పరీక్ష ఉంది, దానికి ఎల్ఎల్ఎం అక్కర్లేదు. అమెరికాలో లాయర్ లైసెన్సుకు రాష్ట్రానికో బార్ పరీక్ష. మన లా డిగ్రీ వాళ్లు ఎక్కువగా చూసేది న్యూయార్క్, కాలిఫోర్నియా. చదువయ్యాక అక్కడ ఏడాది ఓపీటీ (స్టూడెంట్ వీసా మీదే పనిచేసే అనుమతి), ఆపైన హెచ్-1బీ ఉద్యోగ వీసా లాటరీ. పోలిక ఇంతే. మీ బంధువులు చెప్పే మేలు ఇందులో ఎక్కడుందో నాకైతే కనిపించలేదు. అప్పు చేసి వెళ్లి తిరిగొచ్చిన పిల్లలను చూశాను. తోటివాళ్లు రెండేళ్ల కిందట చేరిన సీనియర్ ఆఫీసులోనే, వాళ్ల కింద జూనియర్లుగా చేరారు.

వెళ్లొద్దనడం లేదు. ముందు ఇక్కడ రెండేళ్లు సీనియర్ దగ్గరో, లా క్లర్కుగానో పనిచేయనివ్వండి. అప్పటికి ఏ సబ్జెక్టు కోసం వెళ్లాలో తనకే తెలుస్తుంది. బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చీవెనింగ్ స్కాలర్‌షిప్ అడిగేది కూడా రెండేళ్ల అనుభవమే. వస్తే ఫీజు, ఖర్చులు వాళ్లే పెట్టుకుంటారు. చదువయ్యాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలన్న షరతు మీకు నచ్చుతుందనుకుంటా.

ఒక్క మాట కటువుగా అంటాను, ఏమీ అనుకోకండి. బంధువులను అడిగారు, పొలం బేరగాణ్ని అడిగారు, నన్నూ అడిగారు. ఏం చదువుతున్నావమ్మా అని కూతుర్ని మాత్రం అడిగినట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు. బేరం ఆపేయండి. ఈ ఆదివారం నత్త కేసు చెప్పమనండి. 1932, స్కాట్లాండ్ నుంచి వచ్చిన కేసు, జింజర్ బీర్ (అల్లం కూల్‌డ్రింక్) సీసాలో నత్త వచ్చిందన్న గొడవ. తను చెబుతున్నంతసేపు ఫోన్ పక్కన పెట్టి వినండి.