లినక్స్ ఎక్కించే ముందు బయోస్ సంగతి చూసుకో

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

విండోస్ పక్కనే లినక్స్ వేసుకుంటానన్నావు, సంతోషం. ఉబుంటూనా ఫెడోరానా అని బుర్ర బద్దలు కొట్టుకుంటున్నావు గానీ, నన్నడిగితే అది తర్వాతి సంగతి. పేచీ వచ్చేది మదర్‌బోర్డు మీదుండే ఫర్మ్‌వేర్‌తోనే, అంటే కంప్యూటర్ ఆన్ అవగానే ముందుగా లేచే ప్రోగ్రాంతోనే. దాన్ని మనం అలవాటుగా బయోస్ అంటాం, కొత్త మెషీన్లలో ఉండేది మాత్రం యూఈఎఫ్ఐ.

విండోస్‌లో ఎంఎస్‌ఇన్ఫో32 (msinfo32) అనే ప్రోగ్రాం తెరిచి 'బయోస్ మోడ్' అన్న చోట యూఈఎఫ్ఐ అని ఉందో, లెగసీ (పాత బయోస్ పద్ధతి) అని ఉందో చూడు. లినక్స్ కూడా అదే మోడ్‌లో ఎక్కాలి. బూట్ మెనూలో, అంటే దేని నుంచి లేవాలో అడిగే జాబితాలో, లినక్స్ ఇన్‌స్టాలర్ ఉన్న ఒకే పెన్‌డ్రైవ్ ఒక్కోసారి రెండు వరసల్లో కనిపిస్తుంది, ఒకదాని ముందు యూఈఎఫ్ఐ అని ఉంటుంది. తొందరలో విండోస్ మోడ్‌కి సరిపడనిది నొక్కితే ఇన్‌స్టాల్ అంతా సాఫీగానే సాగుతుంది, తీరా చూస్తే రెండు సిస్టమ్‌లూ ఒకే మెనూలోకి రావు.

సెట్టింగుల జోలికి వెళ్లకముందే బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) ఆన్‌లో ఉందేమో చూడు. ఉంటే దాని 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసి పెట్టుకుని, బిట్‌లాకర్‌ని సస్పెండ్ చెయ్యి. షట్‌డౌన్ చేసినా విండోస్‌ని సగం నిద్రలోనే ఉంచే ఫాస్ట్ స్టార్టప్ కూడా ఆపెయ్యి.

ఇక చాలామంది చేతులెత్తేసేది ఇక్కడే. ఇన్‌స్టాలర్ తెరుచుకుంటుంది, అందులో పెన్‌డ్రైవ్ తప్ప డిస్క్ కనపడదు. డిస్క్ పోయిందని టెన్షన్ పడకు. ఇంటెల్ ల్యాప్‌టాప్ అయితే స్టోరేజ్ కంట్రోలర్ (డిస్క్‌తో మాట్లాడే భాగం) రెయిడ్ మోడ్‌లోనో, ఆర్‌ఎస్‌టీ మోడ్‌లోనో ఉండి ఉంటుంది. దాన్ని బయోస్‌లో ఏహెచ్‌సీఐ అనే మామూలు మోడ్‌కి మార్చాలి. నేరుగా మార్చేస్తే విండోస్ నీలం తెర చూపించి కూర్చుంటుంది. అందుకని ముందు విండోస్‌లోని ఎంఎస్‌కాన్ఫిగ్ (msconfig) ప్రోగ్రాంలో సేఫ్ బూట్ టిక్ చేసి, రీస్టార్ట్ అవుతుండగా బయోస్‌లోకి వెళ్లి మార్చు. విండోస్ సేఫ్ మోడ్‌లో ఒకసారి లేచి కొత్త డ్రైవర్ పట్టుకుంటుంది, అప్పుడా టిక్ తీసెయ్యి. సేఫ్ మోడ్‌లో పిన్ పనిచెయ్యకపోవచ్చు, అసలు పాస్‌వర్డ్ గుర్తుందో లేదో ముందే చూసుకో.

సెక్యూర్ బూట్‌ని, అంటే నమ్మకమైన సంతకం లేని ప్రోగ్రాంలని లేవనివ్వని కాపలాని, ఆపెయ్యమని అందరూ చెప్తారు. నేను చెప్పను. ఉబుంటూ, ఫెడోరా, 2019లో వచ్చిన డెబియన్ 10 నుంచి డెబియన్ కూడా మైక్రోసాఫ్ట్ సంతకం చేసిన షిమ్ అనే చిన్న బూట్ ప్రోగ్రాంతో వస్తాయి, సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉన్నా లేస్తాయి. ఎన్విడియా గ్రాఫిక్స్ డ్రైవర్ వేస్తే మాత్రం ఇన్‌స్టాలర్ ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. రీస్టార్ట్ అయ్యాక నీలం తెర మీద ఏదో ఒక కీ నొక్కమని పది సెకన్లు లెక్కపెడుతుంది. అప్పుడు నొక్కి, ఎన్‌రోల్ ఎంఓకే (Enroll MOK, ఆ డ్రైవర్ సంతకాన్ని నమ్మమని చెప్పడం) ఎంచుకుని, ఆ పాస్‌వర్డ్ ఇవ్వాలి. ఇదేదో ఎర్రర్ అనుకుని వదిలేసేవాళ్లే ఎక్కువ, ఆనక డ్రైవర్ లోడ్ కావట్లేదని గోల.

అంతా అయ్యాక కూడా నేరుగా విండోసే లేస్తుంటే బయోస్‌లో బూట్ ఆర్డర్ చూడు, లినక్స్ పేరు కింద ఉంటే పైకి జరుపు. బయోస్ అప్‌డేట్ ఏదైనా మిగిలుంటే ఇదంతా మొదలుపెట్టకముందే, ఛార్జర్ తగిలించి కానిచ్చెయ్యి. అప్‌డేట్ తర్వాత కొన్ని సెట్టింగులు మళ్లీ మొదటికొస్తాయి.

ఒకసారికి ఒక్క సెట్టింగే మార్చు, మార్చే ముందు ఆ తెరని ఫోన్‌లో ఫొటో తీసుకో. ఎక్కడైనా ఆగిపోతే "పనిచెయ్యట్లేదు మామయ్యా" అని మెసేజ్ పెట్టకు, ఆ ఫొటో పంపు.

ఇట్లు,
మామయ్య