ఇంటి ముందు కారు, ఇరుకు వీధిలో బస్సు: తప్పు ఎవరిది?

ప్రశ్న: మా వీధి వెడల్పు సుమారు ఇరవై అడుగులు. సిటీ బస్సు ఇటే వెళ్తుంది. పదేళ్లుగా మా కారును ప్రహరీకి ఆనించి పెట్టుకుంటున్నాం. ఈమధ్య ఎదురింటివాళ్లూ కారు కొని తమ వైపు పెడుతున్నారు. బస్సు ఇరుక్కోవడం, గొడవలు రోజూ ఉన్నవే. మొన్న పక్క వీధిలోకి మలుపు తిరుగుతూ బస్సు వెనక భాగం మా కారు తలుపును గీసుకుపోయింది. అడిగితే డ్రైవరు ‘తప్పు మీదే, పోలీసులకు చెప్పి కారు ఎత్తించేస్తా’ అన్నాడు. నో పార్కింగ్ బోర్డు కూడా లేదు. మా ఇంటి ముందు పెట్టుకునే హక్కు మాకు లేదా? నష్టం ఎవరు కట్టాలి?

జవాబు: మీ గేటు లోంచి రోడ్డు మీదికి రావడానికి, పోవడానికి మీకు హక్కు ఉంది. దానికి ఎవరూ అడ్డు పెట్టకూడదు. ఆ గేటు ముందున్న రోడ్డు మీద బండి నిలుపుకోవడం మాత్రం హక్కు కాదు. పదేళ్లు కాదు, ముప్పై ఏళ్లు పెట్టుకున్నా ప్రజల రోడ్డు మీద మీకు సొంత హక్కు ఏర్పడదు. ఎదురింటివాళ్ల కన్నా ముందు నుంచీ పెడుతున్నామన్న వాదన కూడా నిలవదు.

బోర్డు లేదు కాబట్టి తప్పు లేదని చాలామంది అనుకుంటారు. మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 122కు బోర్డుతో పని లేదు. ఇతరులకు ప్రమాదం, అడ్డంకి, మితిమీరిన అసౌకర్యం కలిగేలా, లేదా కలిగే అవకాశం ఉండేలా బహిరంగ స్థలంలో బండి నిలపడమే ఆ సెక్షన్ కింద ఉల్లంఘన. రాకపోకలకు అడ్డుగా నిలిపితే సెక్షన్ 201 కింద 500 రూపాయల వరకు జరిమానా పడుతుంది, బండిని తీయించిన ఖర్చు దానికి అదనం. ఇవి కాక, బాటకు అడ్డం కలిగించినందుకు భారతీయ న్యాయ సంహిత (ఐపీసీ స్థానంలో వచ్చిన నేర చట్టం) సెక్షన్ 285 కింద 5,000 రూపాయల వరకు జరిమానా విధించవచ్చు.

మీ వీధినే కొలిచి చూడండి. ఇరవై అడుగులంటే 6.1 మీటర్లు. గోడకు వదిలే జాగాతో కలిపి ఒక్కో కారు దాదాపు 2 మీటర్లు తింటుంది. రెండు వైపులా కార్లుంటే మధ్యలో మిగిలేది 2.1 మీటర్లు. నిబంధనల ప్రకారం బస్సు వెడల్పు 2.6 మీటర్ల వరకు ఉండొచ్చు, పక్క అద్దాలు దానికి అదనం. అంటే రెండు కార్లూ ఎదురెదురుగా ఉన్నప్పుడు ఎంత నేర్పున్న డ్రైవరైనా బస్సు పోనివ్వలేడు. ఒక్క వైపే ఉంటే 4.1 మీటర్లు దొరుకుతుంది, బస్సు నెమ్మదిగా వెళ్లిపోతుంది. మలుపు దగ్గర ఈ లెక్క కూడా చాలదు. బస్సు తిరిగేటప్పుడు వెనక చక్రాలు లోపలి వైపుకి కోసుకుంటూ వస్తాయి, వెనక చక్రాల తర్వాతి భాగం బయటి వైపుకి ఊగుతుంది. ముందు భాగం క్షేమంగా దాటిపోయినా మీ కారు తలుపును వెనక భాగం గీయడానికి కారణం ఇదే అయ్యుంటుంది.

నష్టం సంగతి కూడా ఈ కొలతల మీదే తేలుతుంది. మీరు తప్పుగా నిలిపినంత మాత్రాన గుద్దేందుకు డ్రైవరుకు అనుమతి వచ్చినట్టు కాదు. జాగా చాలదని కనిపిస్తున్నా ముందుకు పోనిస్తే అది అతని నిర్లక్ష్యం. అదే సమయంలో మీ కారు మలుపు మొగలో ఉంటే కొంత నిర్లక్ష్యం మీదీ అవుతుంది, పరిహారంలో ఆ మేరకు కోత పడుతుంది. అందుకే గీత పడగానే బండి కదిలించకముందే ఫొటోలు తీయాలి: బస్సు నంబరు, రెండు బండ్లూ ఒకే చట్రంలో పడేలా ఒకటి, కారు నుంచి మలుపు వరకు టేపు పరిచి ఒకటి. మీరు మొన్న తీయకపోతే వీధిలో ఎవరి సీసీ కెమెరాలోనైనా రికార్డయిందేమో వెంటనే అడగండి, పాత దృశ్యాలు కొన్నాళ్లకే చెరిగిపోతాయి.

సమగ్ర బీమా ఉంటే సొంత నష్టం కింద క్లెయిమ్ చేయడం సులువు, తప్పెవరిదో తేలేదాకా ఆగక్కర్లేదు. అయితే రిపేరు అంచనా ముందు తీసుకోండి. క్లెయిమ్ చేస్తే నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ఇచ్చే రాయితీ) పోతుంది, అది సొంత నష్టం ప్రీమియంలో 20 నుంచి 50 శాతం దాకా ఉంటుంది. చిన్న గీతకు క్లెయిమ్ వేసి నష్టపోయేవాళ్లే ఎక్కువ. బస్సు యాజమాన్యం నుంచే రాబట్టాలంటే పోలీసులకు ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకుని, మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో మోటారు వాహనాల చట్టం సెక్షన్ 166 కింద దరఖాస్తు చేయాలి. చట్టంలో గడువు ప్రమాదం జరిగిన నాటి నుంచి ఆరు నెలలు. ఒకే నష్టానికి రెండు చోట్లా డబ్బు రాదు.

ఇక కారు ఎత్తించడం. అది డ్రైవరు చేతిలో లేదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 127 ప్రకారం ఆ పరిధిలోని యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి అనుమతిస్తేనే బండిని లాక్కెళ్లాలి, లేదా చక్రానికి తాళం వేయాలి. క్రేను సిబ్బంది తమంతట తాము చేయకూడదు. అదే సెక్షన్‌లో ఉన్న ‘పది గంటలు’ అన్న మాటను మాత్రం నమ్ముకోకండి. అది వదిలేసిన బండ్ల సంగతి. పార్కింగ్ నిషేధం ఉన్న చోట, లేదా మనిషి లేని బండి రాకపోకలకు ప్రమాదంగా మారిన చోట అంతసేపు ఆగనక్కర్లేదు.

చేయకూడనివి కూడా చెప్పాలి. జాగా పట్టి ఉంచడానికి రాళ్లు, డ్రమ్ములు, గొలుసులు పెట్టకండి, వాటికీ సెక్షన్ 285 వర్తిస్తుంది. ఎదురింటి కారు టైర్లలో గాలి తీయడం, అద్దం విరవడం ఆస్తి నష్టం నేరం. ఆర్టీసీ డ్రైవరు మీద విధుల్లో ఉండగా చెయ్యి చేసుకుంటే మామూలు కొట్లాట కేసుతో పోదు. 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టం వాళ్లను పబ్లిక్ సర్వెంట్లుగా పరిగణిస్తుంది, కాబట్టి రెండేళ్ల వరకు శిక్ష పడే న్యాయ సంహిత సెక్షన్ 132 కేసు అవుతుంది.

శాశ్వత పరిష్కారం ఒక వైపు పార్కింగే. మీరూ ఎదురింటివాళ్లూ కలిసి ట్రాఫిక్ పోలీసులకు, మున్సిపాలిటీకి ఒకే అర్జీ ఇవ్వండి. వీధి వెడల్పు మూడు చోట్ల కొలిచి, మలుపు స్కెచ్ గీసి, ఏ వైపు నిలపాలో, మలుపుకు అటూ ఇటూ ఎంత ఖాళీ వదలాలో రాయండి. పార్కింగ్ స్థలాలు నిర్ణయించే అధికారం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 117లో, బోర్డులు పెట్టే అధికారం 116లో ఉంది. ఒక కాపీ బస్సు డిపో మేనేజరుకు పంపండి, బస్సు ఎక్కడ ఇరుక్కుంటోందో వాళ్ల డ్రైవర్లే చెప్పగలరు. మూడు కాపీల మీదా తేదీతో ముద్ర వేయించుకోండి. కదలిక లేకపోతే ఆ ముద్ర ఉన్న కాపీలు జతచేసి, బాటకు అడ్డం తొలగించమని కోరుతూ భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 152 కింద సబ్ డివిజనల్ మేజిస్ట్రేటుకు దరఖాస్తు పెట్టవచ్చు. ఆ ఆదేశం మీ కారుకూ వర్తించవచ్చని తెలిసే పెట్టండి.