సున్నా వోల్టేజీ దగ్గర శిఖరం కనిపిస్తే డి-వేవ్ అని తేల్చవచ్చా?

వైబీసీఓ అనే అతివాహకపు పలుచని పొర మీద లోహపు సూదిని ఆనించి వాహకత్వాన్ని కొలిస్తే సున్నా వోల్టేజీ దగ్గర ఎత్తైన శిఖరం వచ్చిందనీ, దాన్నిబట్టి కూపర్ జంటల (అతివాహకంలో జతకట్టే ఎలక్ట్రాన్ల) సౌష్ఠవం డి-వేవ్ (దిశను బట్టి ధన, రుణ గుర్తు మారేది) అని చెప్పవచ్చా అనీ అడిగారు. ఆ ఒక్క శిఖరాన్ని చూసి దయచేసి నిర్ణయానికి రాకండి. పరిశోధక విద్యార్థిగా ఉన్నప్పుడు నేను సరిగ్గా ఆ పొరపాటే చేశాను.

నాకు వచ్చిన శిఖరానికి రెండు పక్కలా కత్తితో కోసినట్లు లోతైన పల్లాలు ఉండేవి. వాటిని పట్టించుకోకుండా డి-వేవ్ అని రాసుకున్నాను. కొన్నాళ్లకు అదే సూదిని నయోబియం ముక్కకు ఆనించి 4.2 కెల్విన్ల దగ్గర కొలిస్తే, ఎస్-వేవ్ (అన్ని దిశల్లో ఒకే గుర్తు ఉండేది) అని ఏనాడో రుజువైన ఆ లోహంలోనూ అదే శిఖరం, అవే పల్లాలు కనిపించాయి. సూదిని నొక్కే స్క్రూను కొద్దికొద్దిగా వెనక్కి తిప్పి స్పర్శ నిరోధాన్ని రెండు మూడు ఓంల నుంచి పదుల ఓంలకు పెంచుతూ పోతే పల్లాలు వేరే వోల్టేజీలకు జరిగి, చివరకు మాయమై, సున్నాకు ఇరువైపులా సుమారు 1.5 మిల్లీవోల్టుల దగ్గర నయోబియం శక్తి అంతరాన్ని (అతివాహకంలో ఎలక్ట్రాన్ స్థితులు లేని శక్తుల మేరను) చూపే రెండు చిన్న శిఖరాలు మాత్రమే మిగిలాయి. స్పర్శ ప్రదేశం ఎలక్ట్రాన్ల స్వేచ్ఛాపథం (ఢీకొనకుండా సాగే సగటు దూరం) కన్నా పెద్దదైనప్పుడు, అక్కడి విద్యుత్తు క్రిటికల్ కరెంటును (అతివాహకత్వం నిలిచే గరిష్ఠ విద్యుత్తును) దాటడం వల్లనే ఆ పల్లాలు పుడతాయి. అంతరం తాలూకు గుర్తు అయితే స్పర్శ మారినా చోటు మారదు.

నిజమైన డి-వేవ్ శిఖరం దిశను బట్టి ఉంటుంది. (110) ముఖం (స్ఫటికపు ఎ, బి అక్షాలకు సుమారు 45 డిగ్రీల కోణంలో ఉండే ముఖం) దగ్గర పరావర్తనం చెందిన ఎలక్ట్రాన్‌కు జంట తరంగపు గుర్తు ధనం నుంచి రుణానికి మారినట్లు ఎదురవుతుంది కాబట్టి, సున్నా శక్తి వద్ద ఒక బద్ధస్థితి (ఎలక్ట్రాన్ ఉపరితలం దగ్గరే చిక్కుకునే స్థితి) ఏర్పడుతుందని భౌతిక శాస్త్రవేత్త హూ 1994లో చూపారు. తనకా, కషివాయా 1995లో దాన్నుంచి వాహకత్వ వక్రాన్ని రాబట్టారు. సి-అక్షం (స్ఫటికపు పొరలకు లంబంగా ఉండే అక్షం) ముఖం మీద ఆ శిఖరం రాకూడదు, వి ఆకారపు లోయ రావాలి. మీ పొర సి-అక్షం నిలువుగా పెరిగినదే అయితే, సూది ఉపరితలంలోకి దిగి పక్క ముఖాలను తాకి ఉండవచ్చు. అందుకే రెండు ముఖాల మీదా కొలవడం అవసరం.

మీ స్పర్శ నిరోధం ఎన్ని ఓంలో, శిఖరం పక్కన పల్లాలు ఉన్నాయో లేదో రాయండి. వక్రాన్ని చూసి చెబుతాను.