పని ఆగిన చోట కాసేపు నిలబడు

అమ్మాయీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. విజ్ఞాన యాత్రలో నాలుగు రోజుల్లో తొమ్మిది చోట్లు చూశావనీ, ఫోను నిండా ఫొటోలున్నాయనీ, తిరిగివచ్చి కాగితం ముందు కూర్చుంటే ‘అద్భుతం’, ‘వైభవం’ తప్ప మరో మాట రాలేదనీ రాశావు. ‘నాలో రచయిత్రి లేదేమో’ అన్న చివరి వాక్యం దగ్గర మనసు చివుక్కుమంది. ఆ వాక్యం కొట్టివేయి. వచ్చే నెల మళ్లీ బయలుదేరుతున్నారు కదా, ఈలోగా నీకు అందాలని వెంటనే రాస్తున్నాను.

నీ వయసులో నేను హంపీ చూసి వచ్చి పన్నెండు పేజీలు రాశాను. 1565 నాటి యుద్ధం, కూలిన సామ్రాజ్యం, తుంగభద్ర కన్నీళ్లు. ఒక సంపాదకుడు దాన్ని తిప్పి పంపుతూ, ‘ఇందులో మీరు కళ్లారా చూసింది ఎక్కడ?’ అని ఒక్క ముక్క రాశారు. వెతికి చూసుకున్నాను. ఒక్క వాక్యం కూడా దొరకలేదు. ఆ పన్నెండు పేజీలూ నేను రైలెక్కకముందే పాఠ్యపుస్తకాల నుంచి నాలో చేరినవి.

కొన్నేళ్లకు మళ్లీ వెళ్లాను. దారి పక్కన ఒక పెద్ద బండ మీద చిన్న చిన్న గుంతలు వరుసగా, కుట్టు వేసినట్టు కనిపించాయి. రాతిని చీల్చడానికి అలా గుంతలు తొలిచి, వాటిలో మేకులు దిగగొడతారు. ఆ గీత వెంట బండ రెండుగా విడిపోతుంది. అక్కడ అలాంటి ఆనవాళ్లు చాలాచోట్ల ఉన్నాయి. కానీ ఈ బండ చీలలేదు. గుంతలు సిద్ధంగా ఉన్నాయి, పని జరగలేదు. అంత శ్రమపడి తొలిచిన మనిషి మర్నాడు ఎందుకు రాలేదు? జ్వరమా, కూలి తగాదా, లేక ఇక రాయి అక్కర్లేదని ఎవరైనా వచ్చి చెప్పారా? సామ్రాజ్యం గురించి పన్నెండు పేజీల్లో నాకు పట్టుబడనిది ఆ బండ దగ్గర పట్టుబడింది. నా మొదటి మంచి కథ అక్కడిదే.

అప్పటినుంచి ఎక్కడికి వెళ్లినా పని ఆగిపోయిన చోటు వెతుకుతాను. పూర్తయిన శిల్పం ముందు చేతులు జోడించడం తప్ప మనకు చేయడానికేమీ మిగలదు. శిల్పి తన మాట మొత్తం చెప్పేశాడు. సగం చెక్కిన స్తంభం దగ్గర మాట ఇంకా నోట్లోనే ఉంది.

అజంతాలో 24వ గుహ అలాంటిది. బొమ్మలు లేవని జనం గబగబా దాటిపోతారు. అలాంటి పూర్తికాని గుహలు చూస్తేనే తెలుస్తుంది, అక్కడివాళ్లు పైకప్పు దగ్గర మొదలుపెట్టి కిందికి తొలుచుకుంటూ వచ్చారని. అంటే ఇంకా తొలవని రాతి మీదే నిలబడి పని చేశారు. నేల అన్నిటికన్నా చివర వచ్చింది. ఇది తెలిశాక ఆ గుహ గురించి నువ్వు రాసే వాక్యమే మారిపోతుంది. పదో గుహలో, 1819లో అక్కడికి వచ్చిన జాన్ స్మిత్ అనే ఆంగ్లేయ అధికారి గీసిన పేరు ఉంది. అది మన తలకన్నా ఎత్తున ఉంటుంది. అతను నిలబడింది గుహ నేల మీద కాదు, శతాబ్దాలుగా పేరుకున్న మట్టి, శిథిలాల మీద. ఒక చెడ్డ పని చేసిన గీతలో కూడా కాలం ఎంత మందాన పేరుకుందో కనిపిస్తుంది. నువ్వు మాత్రం గోడ మీద వేలు కూడా ఆనించవద్దు.

ఈజిప్టులోని అస్వాన్ రాతిగనిలో సుమారు 42 మీటర్ల ఏకశిలా స్తంభం ఈనాటికీ పడుకునే ఉంది. చెక్కుతుండగా పగులు వచ్చింది, వదిలేశారు. నిలబెట్టిన స్తంభాలు ఫారోల పేర్లు చెబుతాయి. దీని దగ్గరైతే నాకు ఒకటే ప్రశ్న: ఆ పగులును ముందుగా చూసినవాడు పై అధికారికి చెప్పడానికి ఎంతసేపు తటపటాయించి ఉంటాడు?

ఇది నేను కనిపెట్టిన కిటుకు కాదు. లేపాక్షిలో కల్యాణ మండపం అసంపూర్తిగా ఉండిపోయింది. దగ్గరలోని గోడ మీద ఎర్రని మరకలు చూపించి, ఖజానా సొమ్ము ఖర్చుపెట్టాడన్న నింద పడితే ఆ గుడి కట్టించిన విరూపణ్ణ తన కళ్లు తానే పెరికి గోడకు విసిరికొట్టాడని చెబుతారు. అది జరిగిందని నేననను. కానీ ఆ మండపం పూర్తయి ఉంటే ఈ కథ పుట్టేదా? ఊరివాళ్లు నీకన్నా ముందే పని ఆగిన చోట నిలబడి ‘ఎందుకు’ అని అడిగారు.

అందుకే నోటుపుస్తకంలో మూడు వేర్వేరు పేజీలు పెట్టుకో: చూసింది, విన్నది, ఊహించింది. మరక మొదటి పేజీలోకి వెళ్తుంది, విరూపణ్ణ కళ్లు రెండో పేజీలోకి. కథలో వాటిని ఎలా కలుపుతావో నీ ఇష్టం, కానీ ఏది ఏదో నీకు తెలిసి ఉండాలి. నాగార్జునకొండ దీవి మీది కట్టడాలు చాలావరకు మొదట అక్కడివి కావు. లోయ జలాశయంలో మునగబోతుందని 1954 నుంచి 1960 వరకు తవ్వి, ముఖ్యమైనవాటిని పైకి తెచ్చి మళ్లీ కట్టారు. ‘భిక్షువులు సరిగ్గా ఇక్కడే నడిచారు’ అని రాసేముందు, ఈ రాయి ఇక్కడిదేనా అని అడుగు. తరలివచ్చిన రాయి అయితే మరీ మంచిది, దానికి రెండు జీవితాలు.

గుంపుతో వెళ్తే ఒక్కోచోట నలభై నిమిషాలకు మించి ఇవ్వరని నాకు తెలుసు. పది నిమిషాలు చుట్టూ తిరుగు. మిగతా ముప్ఫై ఒక్కదానికే ఇవ్వు. బొమ్మ గీయడం రాకపోయినా గీయి. కన్ను దాటేసిన అంచు దగ్గర చెయ్యి ఆగుతుంది. ఫొటో ఆ తరువాత. కాపలా మనిషిని వాన పడితే నీళ్లు ఎటు పోతాయని అడుగు.

మ్యూజియంలో కూడా అంతే. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఈజిప్టు రాజు రెండో రామ్సెస్ 40వ పాలనా సంవత్సరం నాటి సున్నపురాతి పలక ఒకటి ఉంది. సమాధులు కట్టే పనివాళ్లలో ఎవరు ఏ రోజు రాలేదో, ఎందుకు రాలేదో దాని మీద రాసి ఉంది. ఒకరిని తేలు కుట్టింది. ఇంకొకరికి కళ్ల జబ్బు. హంపీలో నేను అడిగిన ప్రశ్నకు అక్కడెవరో మూడువేల ఏళ్ల కిందటే జవాబు రాసి పెట్టారనిపించి, ఆ పలక గురించి మొదటిసారి చదివిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఈసారి వచ్చాక నాకు కథ పంపవద్దు. ఒక్క పేజీ పంపు: ఏ రాయి, ఎన్ని జానల పొడవు, ఎండ ఏ వైపు నుంచి పడుతోంది, ఉలి ఎక్కడ ఆగింది. ‘ఊహించింది’ అన్న పేజీ ప్రస్తుతానికి నీ దగ్గరే ఉంచుకో.

ఆశీస్సులతో,
నీ ఉత్తరం కోసం ఎదురుచూస్తూ