కాంట్రాక్టు కార్మికుల మీద రాయబోతున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ పరిశోధన ప్రతిపాదన చదివాను. పటాన్‌చెరు కాంట్రాక్టు కార్మికుల మీద పని చేస్తానంటే చాలా సంతోషం వేసింది. కానీ అందులో సిద్ధాంతాలు దాటుకుని కార్మికుడి దగ్గరికి వచ్చేసరికి మూడో అధ్యాయం అయింది. సిద్ధాంతం వద్దనను. ముందు "ఇతని యజమాని ఎవరు?" అన్న ప్రశ్న పట్టుకో. మిగతావి దాని వెంటే వస్తాయి.

దానికి మంచి దారి పీఎఫ్ పాస్‌బుక్. నీ మీద నమ్మకం కుదిరితే ఫోన్‌లోనే తెరిచి చూపిస్తారు. మనిషికి జీవితాంతం ఉండే యూఏఎన్ (పీఎఫ్ ఖాతా) నంబరు ఒకటే, దాని కింద యజమాని మారినప్పుడల్లా వచ్చే మెంబర్ ఐడీలు మాత్రం నాలుగైదు ఉండొచ్చు. ఒక్కోదానికి ఒక్కో సంస్థ పేరు. చేరిన తేదీ, మానేసిన తేదీ సర్వీస్ హిస్టరీలో ఉంటాయి. మనిషిని అడిగితే "నేనెక్కడికీ పోలేదు సార్, అదే గేటు, అదే బాయిలర్" అంటాడు. టెండర్ మారింది, కాంట్రాక్టర్ మారాడు, కాగితం మీద ఇతను కొత్తగా చేరాడు. రెండు ఐడీల మధ్య ఒక నెల ఖాళీ కనిపిస్తే అక్కడ ఆగు. ఆ నెల పనికి వెళ్లాడా? జీతం ఎవరిచ్చారు? చేతికిచ్చారా? పని మానేటప్పుడు యజమాని ఇవ్వాల్సిన గ్రాట్యుటీ డబ్బుకు 1972 చట్టం ఐదేళ్ల నిరంతర సర్వీసు అడిగింది. పదిహేనేళ్లు ఒకే చోట పనిచేసినవాడు కూడా ఉత్త చేతులతో ఎలా బయటికి రాగలడో ఆ ఖాళీల్లోనే తెలుస్తుంది. ఆ యూఏఎన్, మెంబర్ ఐడీ నంబర్లు మాత్రం నీ నోట్సులో కూడా రాసుకోకు.

కోర్టు తీర్పులు కూడా యజమాని ఎవరన్న ప్రశ్న చుట్టూనే తిరిగాయి. కాంట్రాక్టు విధానాన్ని నిషేధించిన పనుల్లో కార్మికులు నేరుగా ప్రధాన యజమాని (కాంట్రాక్టర్‌కు పని అప్పగించిన సంస్థ) ఉద్యోగులవుతారని 1996లో ఎయిర్ ఇండియా కేసులో సుప్రీంకోర్టు అంది. 2001లో స్టీల్ అథారిటీ కేసులో ఐదుగురు జడ్జీల ధర్మాసనం దాన్ని కొట్టేసింది. అయితే ఆ కాంట్రాక్టు ఉత్త బూటకమని తేలితే వాళ్లు ప్రధాన యజమాని మనుషులే. అందుకే రోజూ పని చెప్పేదెవరు, సెలవు ఇచ్చేదెవరు, పనిముట్లు ఎవరివి అని వదలకుండా అడగాలి.

ప్రతి ఇంటర్వ్యూలో ఏ కాలం సంగతి చెబుతున్నారో రాసుకో. 1970 కాంట్రాక్టు లేబర్ చట్టం 20 మంది కాంట్రాక్టు కార్మికులు ఉన్నచోటి నుంచి వర్తించేది. దాని స్థానంలో 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లో ఆ హద్దు 50.

యూనియన్ల సంగతి నువ్వు ఒక్క పేరాలో తేల్చేశావు, అది చాలదు. సింగరేణి బొగ్గు గనులు చూడు. 2022 సెప్టెంబర్‌లో అక్కడ కాంట్రాక్టు కార్మికులు హై పవర్ కమిటీ వేతనాల (బొగ్గు గనుల కాంట్రాక్టు కార్మికులకు ఆ కమిటీ ఖరారు చేసిన జీతాలు) కోసం సమ్మె చేశారు. మరుసటి ఏడాది డిసెంబర్‌లో కార్మికుల తరఫున యాజమాన్యంతో బేరమాడే గుర్తింపు సంఘానికి ఎన్నికలు జరిగితే ఓటు పర్మినెంట్ కార్మికులకే. ఒకే గని దగ్గర పనిచేసేవాళ్లలో కొందరికే ఓటు ఉండి, మిగతావాళ్లకు లేకపోతే, బేరమాడే బల్ల దగ్గర ఎవరి మాట చెల్లుతుంది? పారిశ్రామిక సంబంధాల మీద రాసేవాడు ఇది అడగకుండా ఎలా ఉంటాడు?

ఇంకోటి. గేటు దగ్గర ఎవరితోనూ మాట్లాడకు. సూపర్‌వైజర్ చూశాడంటే మర్నాడు ఆ కార్మికుడికి టెన్షన్, నీకు కాదు. కాంట్రాక్టర్ పరిచయం చేసినవాళ్లతో అసలే మొదలుపెట్టకు. వారం సెలవునాడు ఇంటికి వెళ్లు. ఆడవాళ్లతో విడిగా మాట్లాడాలి, మగవాళ్లు పక్కనుంటే జీతం తేడా గురించి నోరు విప్పరు.

మార్చిన ప్రశ్నల జాబితా పంపు, చూస్తాను.

ఆశీస్సులతో,
అన్నయ్య